రచయితల చేతిరాత ఉత్తరాల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రచయితలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలను పోగుచేస్తున్నవాళ్ళు అడిగే సందేహాలూ, తాతగారి ట్రంకుపెట్టెలో ఏదో కట్ట దొరికి ఏం చేయాలో తోచనివాళ్ళు అడిగే సందేహాలూ దాదాపు ఒకటే. మళ్ళీ మళ్ళీ వస్తున్న ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పుస్తకాలు అచ్చులో ఉన్నాయి కదా, ఇంక ఉత్తరాలు ఎందుకు?

పుస్తకంలో రచయిత తేల్చుకున్న మాట ఉంటుంది. తేల్చుకోకముందు పడిన మథన ఉత్తరంలో ఉంటుంది. గురజాడ విజయనగరంలో, గిడుగు పర్లాకిమిడిలో ఉండేవారు. చిన్ననాడు విజయనగరంలో కలిసి చదువుకున్న ఆ ఇద్దరూ వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటంలో అచ్చుకెక్కినవి వాదాలు, అసమ్మతి పత్రాలు. వాటి వెనక ఎవరు ఎప్పుడు తటపటాయించారు, ఎవరు ఎవరికి ధైర్యం చెప్పారు అన్నది తెలియాలంటే ఉత్తరాలూ డైరీలే దిక్కు. గురజాడ తన ఉత్తరాలు చాలావరకు ఇంగ్లీషులో రాశారు. అవసరాల సూర్యారావు గారు వాటిని తెలుగు చేసి అచ్చు వేయించకపోతే గురజాడ మనిషిగా మనకు ఇంత దగ్గరయ్యేవారు కారు.

ఎవరి ఉత్తరాలతో మొదలుపెట్టాలి? పెద్ద పేర్లేనా?

పేరును కాదు, జంటను ఎంచుకోండి. ఈ పనిలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే. ఒక ఉత్తరం సగం సంభాషణ. మిగతా సగం దాన్ని రాసినవారి ఇంట్లో, అందుకున్న జవాబు రూపంలో ఉంటుంది. ‘చలం ఉత్తరాలు చింతా దీక్షితులుగారికి’ చదివినవారికి ఈ సంగతి బాగా అనుభవంలోకి వస్తుంది. చలం మనసు విప్పి మాట్లాడుతుంటారు, కానీ మనం వినేది ఒక గొంతే. దీక్షితులుగారు ఏమన్నారో చలం మాటల్లోంచి ఊహించుకోవాలి.

అందుకని ‘శ్రీశ్రీ ఉత్తరం ఒకటి, కృష్ణశాస్త్రిది ఒకటి, విశ్వనాథది ఒకటి’ అంటూ తలా ఒకటి పోగేస్తే సంతకాల ఆల్బం తయారవుతుంది తప్ప సాహిత్య చరిత్రకు పనికొచ్చేది తయారు కాదు. మీ జిల్లా కథకుడు, ఆయనతో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు నడిపిన ఒక కవి, ఈ ఇద్దరి కట్టలనూ ఒకచోటికి చేర్చగలిగితే అది ఎంతో విలువైన పని. ఆ ఇద్దరూ పెద్దగా పేరులేనివారైనా సరే.

దీనికి చాలా డబ్బు కావాలా?

అక్కర్లేదు. మంచి ఉత్తరాలు చాలావరకు కొనుగోలులో రావు, నమ్మకం మీద వస్తాయి. ఖర్చంతా ప్రయాణాలకు, స్కానర్‌కు, మంచి కవర్లకు అవుతుంది.

చీటీలు, మనియార్డరు కూపన్లు, పుస్తకం మీద రాసిన రెండు వాక్యాలు కూడా ఉత్తరాలేనా?

ఒకరు రాసి ఒకరికి ఇచ్చిందేదైనా దాచండి. మనియార్డరు కూపన్ మీద పత్రికవారు రాసిన ‘ఫలానా కథకు పారితోషికం’ అన్న ఒక్క వాక్యంతో ఒక కథ ఎప్పుడు ఎక్కడ అచ్చయిందో తేలిపోతుంది. కృష్ణశాస్త్రిగారి సంగతి మరీ ప్రత్యేకం. 1960లలో గొంతు కాన్సరు వల్ల మాట పోయాక ఆయన కాగితం మీద రాసి మాట్లాడేవారు. అలాంటి చీటీ ఎవరింట్లో ఉన్నా అది నోట వచ్చిన మాటతో సమానం. ఎదుటివాళ్ళు ఏమడిగితే ఆయన ఆ జవాబు రాశారో ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తుంటే వెంటనే రాసిపెట్టుకోండి.

## వెతకడం

ఫలానా రచయిత ఉత్తరాలు కావాలంటే ఆయన ఇంటికే వెళ్ళాలా?

ఆయన ఇంట్లో ఆయనకు వచ్చిన ఉత్తరాలు ఉంటాయి. ఆయన రాసినవి అవతలివాళ్ళ ఇళ్ళలో ఉంటాయి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. కాబట్టి ముందు ఆయన ఎవరెవరికి రాసేవారో జాబితా వేసుకోవాలి. పుస్తకాల ముందుమాటలు, అంకితాలు, సంస్మరణ సంచికలు, ఆత్మకథలు చదివితే పేర్లు బయటపడతాయి.

ఆ జాబితాలో సంపాదకుల పేర్లను పైన పెట్టుకోండి. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి, ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రిక, సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వంటి వాటికి రాని రచయిత ఉత్తరం లేదు. కొడవటిగంటి కుటుంబరావుగారిలా దశాబ్దాల తరబడి పత్రికలో పనిచేసిన రచయితలకు రెండు రకాల ఉత్తరాలూ అందేవి, స్నేహితులవీ కథలు పంపేవాళ్ళవీ. ఉత్తరాలు రాయడమే నిత్యకృత్యంగా పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తుమ్మపూడిలో కూర్చుని దూరదూరాల స్నేహితులకు ఉత్తరాలు రాసిన సంజీవదేవ్ గారు అలాంటివారు. అటువంటివారి ఉత్తరాలు ఎవరూ ఊహించని ఊళ్ళలో తేలతాయి.

పాత పుస్తకాల దుకాణాల్లో దొరుకుతాయా?

విడిగా అరుదు. పుస్తకాల మధ్య దొరుకుతాయి. రచయిత చనిపోయాక ఇల్లు మారేటప్పుడు పుస్తకాలన్నీ తూకానికి వెళతాయి. వాటిలో గుర్తుకోసం పెట్టుకున్న కార్డు ముక్క కూడా పోతుంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద గానీ, విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గర గానీ పాత సాహిత్య పుస్తకం కొంటే పేజీలు మెల్లగా తిప్పి చూడండి. అట్ట లోపలి కాగితం కూడా చూడండి. దొరికితే ఏ పుస్తకంలో, ఏ పేజీ దగ్గర దొరికిందో రాసుకోండి. ఆ పుస్తకం యజమానే ఆ ఉత్తరం అందుకున్నవాడు కావచ్చు.

గ్రంథాలయాల్లో ఏమని అడగాలి?

‘ఉత్తరాలున్నాయా’ అంటే లేవనే జవాబు వస్తుంది, ఎందుకంటే పుస్తకాల జాబితాలో అవి ఉండవు. ‘రచయితల కుటుంబాలు విరాళంగా ఇచ్చిన పెట్టెలు, జాబితా వేయని కాగితాలు ఏమైనా ఉన్నాయా’ అని అడగండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం (1898), హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం (1901), హనుమకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం (1904), వేటపాలెం సారస్వత నికేతనం (1918), కడప బ్రౌన్ గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల ఓపికగా కూర్చోవాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ముఖ్యంగా కథల కోసమే. అయినా ఏ కథకుడు ఏ పత్రికలో ఎప్పుడు రాశాడో అక్కడ తేల్చుకుంటే, ఉత్తరాలు ఎవరింట్లో వెతకాలో తెలుస్తుంది.

మరుగునపడిన సి.పి. బ్రౌన్ జాబులను పట్టుదలగా వెతికి వెలికితీసిన బంగోరె (బండి గోపాలరెడ్డి) గారిని ఈ పని చేసేవాళ్ళంతా తలచుకోవాలి. జాబితాల్లో లేనిదాన్ని చేతులతో తిరగేసి వెతకడం ఆయన దగ్గర నేర్చుకోదగ్గ విద్య.

తెలంగాణ రచయితల పాత ఉత్తరాలకు వేరే ఎరుక ఏమైనా కావాలా?

కావాలి. హైదరాబాద్ సంస్థానానికి 1950 దాకా సొంత తపాలా ఉండేది. బిళ్ళలూ ముద్రలూ వేరు, ఉర్దూ లిపి ఉంటుంది. తేదీ ఫసలీలో, అంటే అక్కడి సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో, ఉండవచ్చు. నిజాం కాలపు ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం సుమారుగా వస్తుంది. ఫసలీ 1347 అంటే 1937 అక్టోబరు ప్రాంతంలో మొదలైన ఏడాది. ఉత్తరం తెలుగులో ఉన్నా చిరునామా ఉర్దూలో ఉండవచ్చు కాబట్టి ఉర్దూ చదివేవారి సాయం తీసుకోండి. జైలు ఉత్తరాలు మరో సంగతి. దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాద్ జైల్లో కలిసి ఉన్నారు. అలా జైళ్ళకు వెళ్ళిన రచయితల కాగితాల మీద జైలు ముద్ర, తనిఖీ చేసిన అధికారి పొట్టి సంతకం, కొట్టేసిన వాక్యాలు ఉంటే వాటిని శుభ్రం చేయాలని చూడకండి. ఆ గుర్తులూ చరిత్రే.

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవి కొనవచ్చా?

‘ఇది మీకెలా వచ్చింది’ అన్న ప్రశ్నకు సూటి జవాబు చెప్పేవారి దగ్గరే కొనండి. రెండు పక్కలా ఫోటో పంపనివారినీ, కవరు లేకుండా కాగితం ఒక్కటే చూపించేవారినీ, ఒక కట్టను విడదీసి ఒక్కొక్కటిగా అమ్మేవారినీ వదిలేయండి. కట్ట విడిపోయాక దాన్ని మళ్ళీ కలపడం ఎవరివల్లా కాదు.

## ఇంటివాళ్ళతో

రచయిత కుటుంబాన్ని మొదటిసారి ఎలా అడగాలి?

ఉత్తరాల ఊసు మొదటిరోజే ఎత్తకండి. ఆయన రచనలు చదివి వెళ్ళండి, ఆయన గురించి వాళ్ళు చెప్పేది వినండి. ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసినవారు సాధారణంగా ఆయన భార్యో, పెద్ద కోడలో అయివుంటారు. ఎవరెవరు వచ్చి వెళ్ళేవారు, ఎవరి ఉత్తరం వస్తే ఆయన ముఖం వెలిగేది, అవన్నీ ఆ అమ్మగారికే తెలుసు. అనుమతిస్తే ఆవిడ మాటలు రికార్డు చేసుకోండి. ఉత్తరంలో ‘బాబాయి’, ‘మనవాడు’, ‘ఆ కాకినాడాయన’ అని వచ్చిన చోటల్లా ఎవరన్నది చెప్పగలిగేది అలాంటివాళ్ళే. ఆ తరం వెళ్ళిపోయాక ఎంత పరిశోధించినా ఆ మాటలు ముడి వీడవు.

“మా నాన్నగారి ఉత్తరాలు, బయటికి ఇవ్వం” అన్నారు. ఇప్పుడేం చేయాలి?

ఇవ్వనక్కర్లేదని మీరే చెప్పండి. వాళ్ళ ఇంట్లో, వాళ్ళ కళ్ళముందే స్కాన్ చేసి, అదేరోజు కట్టను యథాతథంగా అప్పగించి, స్కాన్ల కాపీ వాళ్ళకూ ఒకటి ఇవ్వండి. ఏది వాడుకోవచ్చు, ఏది వద్దు అన్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. అసలు కాగితం మీ బీరువాలోకి రాకపోయినా సేకరణ జరిగినట్టే. ‘రేపిస్తాను’ అని ఇంటికి పట్టుకుపోయి తిరిగివ్వనివాళ్ళ వల్లే చాలా కుటుంబాలు తలుపులు మూసుకున్నాయి.

తీగకు గుచ్చిన ఉత్తరాల కట్ట దొరికింది. తీసేయనా?

ఆగండి. మన ఇళ్ళలో వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్టే ఇనపతీగకు గుచ్చి దూలానికో మేకుకో తగిలించేవారు. ఆ గుచ్చిన వరసే కాలక్రమం. అడుగున పాతది, పైన కొత్తది. తేదీలేని కార్డుకు పైనా కిందా తేదీ ఉన్నవి ఉంటే అది ఆ రెంటి మధ్య వచ్చిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. కాబట్టి ముందు తీగతో సహా అన్నివైపులా ఫోటోలు తీయండి. తరవాత పైనుంచి ఒక్కొక్కటి తీస్తూ, వెనకవైపు మూలన మెత్తటి పెన్సిలుతో వరస సంఖ్య వేయండి. తీగ తుప్పు పట్టి ఉంటే కాగితాన్ని లాగవద్దు, తీగనే కత్తిరించి కిందినుంచి జార్చండి.

ఒక మాట గుర్తుంచుకోండి. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపేయడం మన ఆచారం. అందుకే ఎంత పెద్ద కట్టలోనైనా అవి ఉండవు. అవి లేవని ఆ ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయని అనుకోకూడదు.

“చదివి చింపేయండి” అని రచయితే రాశారు. దాచడం తప్పా?

అందుకున్నవారు చింపలేదు. వారి నిర్ణయం మన చేతికొచ్చింది. దాచడం వేరు, బయటపెట్టడం వేరు. అలాంటిదాన్ని దాచండి. అందులోని మనుషులూ వారి పిల్లలూ ఉన్నంతకాలం ప్రచురించకండి. కవరు మీద ‘ఫలానా సంవత్సరం దాకా తెరవరాదు’ అని కుటుంబం చేతనే రాయించండి.

## అసలుదేనా?

ఇది నిజంగా ఆయన రాసిందేనని ఎలా తెలుస్తుంది?

దస్తూరీ కన్నా ముందు ఆ కాగితం వచ్చిన దారి చూడండి. అందుకున్నవారి ఇంట్లోంచి, అదే కట్టలోంచి వచ్చిందైతే సగం అనుమానం తీరినట్టే. ఆ తరవాత, అదే ఏడాది ఆయన రాసిందని ఖాయంగా తెలిసిన మరో కాగితం పక్కన పెట్టి పోల్చండి. తలకట్లు ఎలా పెడతారు, వత్తులు ఎక్కడ వేలాడతాయి, ‘శ్రీ’ ఎలా చుడతారు, వాక్యం చివర చుక్క పెడతారా గీత గీస్తారా. నకలు చేసేవాడు సంతకం మీద శ్రద్ధ పెడతాడు, ఉత్తరం నడుమ అక్షరాల దగ్గర దొరికిపోతాడు.

కాగితం కూడా సాక్ష్యం చెబుతుంది. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే, 1950ల తరవాత వచ్చిన తెల్లదనం రసాయనాలు కలిపిన కాగితం నీలంగా మెరుస్తుంది. 1930 తేదీ వేసిన ఉత్తరం అలా మెరిస్తే అది అప్పటిది కాదు. పాత పుస్తకాల ఖాళీ పేజీలు చింపి వాటిమీద కొత్తగా రాసేవాళ్ళూ ఉంటారు. బాగా పాతబడిన కాగితం మీద కొత్త సిరా అంచుల్లో పాకుతుంది, భూతద్దంతో కనిపిస్తుంది. 1950కి ముందు తేదీతో బాల్‌పెన్ను రాత ఉంటే నమ్మకండి.

సంతకం ఆయనదే, రాత వేరేవారిది. నకిలీయా?

అంత తొందరగా తీసేయకండి. చెప్పి రాయించడం మన రచయితల్లో మామూలే. వేయిపడగలు విశ్వనాథ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారని ప్రసిద్ధి. చూపు తగ్గినవారు, జబ్బుపడినవారు పిల్లలచేత రాయించి కింద సంతకం పెట్టేవారు. రాసిన చేయి ఎవరిదో గుర్తుపట్టి జాబితాలో ‘చెప్పినది ఫలానా, రాసినది ఫలానా’ అని పెట్టండి. ఒక్కోసారి రాసినవారే తరవాత రచయిత అయివుంటారు.

## తేదీ, చదవడం

తేదీ లేదు. ఏ కాలపు ఉత్తరమో ఎలా తేల్చాలి?

ముందు తపాలా ముద్ర. పంపిన ఊరి ముద్ర ఒకటి, చేరిన ఊరి ముద్ర ఒకటి ఉంటాయి. ఒకటి చెరిగిపోతే రెండోది చదవండి. కాగితాన్ని ఏటవాలు వెలుతురులో పెట్టి ఫోటో తీసి కంప్యూటరులో నలుపు పెంచితే చాలాసార్లు పైకి తేలుతుంది.

ముద్ర దక్కకపోతే కార్డే చెబుతుంది. మన దేశంలో పోస్టుకార్డు 1879లో కాణీకి (పావు అణాకు) మొదలైంది. కార్డు మీద ఏ రాజు తల ఉందో చూస్తే దశాబ్దం తెలుస్తుంది: ఎడ్వర్డ్ అయితే 1901–1910, అయిదో జార్జి అయితే 1910–1936, ఆరో జార్జి అయితే ఆ తరవాత. రాజు తల ఉన్న కార్డులు స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నాళ్ళు వాడారు కాబట్టి ఇది ‘ఇంతకుముందు కాదు’ అని చెప్పడానికే పనికొస్తుంది. ఇన్‌లాండ్ లెటర్ 1950లో వచ్చింది. వెల అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయినది, నయాపైసల్లో ఉంటే 1957–1964 నడుమది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతది.

ఇవేవీ లేకుంటే లోపలి మాటలు చూడండి. ‘మీ కథ ఈ నెల భారతిలో చూశాను’ అన్న వాక్యం ఉంటే సంచిక తిరగేస్తే నెలతో సహా దొరుకుతుంది. తేదీ, వారం ఉండి సంవత్సరం లేకపోతే ఆ రెండూ కలిసిన ఏళ్ళను క్యాలెండరులో వెతకండి. ఊహించిన తేదీని ఎప్పుడూ చదరపు బ్రాకెట్లలో వేయాలి, రచయిత వేసిన తేదీతో కలిసిపోకుండా.

“ప్రభవ మాఘ శుద్ధ విదియ” అని ఉంది. ఏ ఏడాది?

ప్రభవ 1927లోనూ 1987లోనూ వచ్చింది, అరవై ఏళ్ళకొకసారి. రచయిత జీవితకాలం, కార్డు వెల చూస్తే ఏదో తేలిపోతుంది. ఒక చిక్కుంది. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాలు సాధారణంగా మరుసటి ఇంగ్లీషు ఏటిలో పడతాయి. 1927లో మొదలైన ప్రభవలో మాఘం అంటే 1928 ఆరంభం. పాత పంచాంగం దొరికితే తేదీ కూడా ఖాయమవుతుంది.

పాత దస్తూరీ అర్థం కావడం లేదు. ఎలా చదవాలి?

పైకి చదవండి. కన్ను పట్టుకోలేని మాటను చెవి పట్టుకుంటుంది. పాతతరం రాతలో అరసున్నలు, బండి ‘ఱ’, రేఫకు బదులు పక్కన పెట్టే వలపలగిలక, తెలుగు అంకెలు ఉంటాయి. ‘మ.రా.రా.శ్రీ’ (మహారాజరాజశ్రీ), ‘బ్ర॥శ్రీ॥’ (బ్రహ్మశ్రీ), ‘చి॥ల॥సౌ॥’ (చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి) వంటి పొట్టి రూపాలు సంబోధనలో వస్తాయి. అవి ఎదుటివారి వయసు, వరస చెబుతాయి. చోటు చాలక కార్డు అంచు చుట్టూ తిప్పి రాసినవాటిని వదలకండి, మనసులో మాట చాలాసార్లు అక్కడే ఉంటుంది. తెలియని మాటను ఊహతో పూడ్చకుండా చుక్కలు పెట్టి వదిలేయండి. అదే చేతిరాతలో ఇంకో పది ఉత్తరాలు చదివాక వెనక్కి వస్తే అది దానంతట అదే విడిపోతుంది.

## దాచడం

లామినేషన్ చేయిస్తే పాడవకుండా ఉంటుంది కదా?

దయచేసి చేయించకండి. వేడికి సిరా దెబ్బతింటుంది, ప్లాస్టిక్ కాగితంలోకి అతుక్కుపోతుంది, మళ్ళీ విడదీయలేం. సెల్లోటేపూ అంతే, కొన్నేళ్ళకు గోధుమరంగు మరక మిగిల్చి ఊడిపోతుంది. ఆమ్లం లేని కాగితపు కవరులో గానీ, పాలియెస్టర్ కవరులో గానీ ఒక్కొక్కటి విడిగా పెట్టండి. మామూలు పీవీసీ ఫోల్డర్లు వద్దు. గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరుబ్యాండ్లు తీసేయండి. తపాలాబిళ్ళ కోసం కవరు మూల కత్తిరించకండి, ముద్ర దానితోనే పోతుంది.

బీరువాలో కలరా ఉండలు వేసి పెట్టవచ్చా?

ఆ వాసన మనుషులకూ మంచిది కాదు, పురుగును పూర్తిగా ఆపదు. మన వాతావరణంలో అసలు శత్రువు తేమ. గోడకు ఆనకుండా, నేలకు జానెడు ఎత్తులో, ఎండ తగలని గదిలో పెట్టండి. వంటింటి పక్క గది, మిద్దెమీది రేకుల గది పనికిరావు. వర్షాకాలం ముందొకసారి, తరవాత ఒకసారి పెట్టెలన్నీ తెరిచి చూడండి. చెదలు, వెండిపురుగులు మొదట్లో కనిపిస్తే నష్టం కొద్దిలో ఆగుతుంది.

ఉత్తరాలు తడిసిపోయాయి, అతుక్కుపోయాయి. ఏం చేయాలి?

ఎండలో పెట్టకండి, ఇస్త్రీ చేయకండి, విడదీయాలని లాగకండి. ఫౌంటెన్ పెన్ను సిరా నీళ్ళలో కరుగుతుంది కాబట్టి అద్దుడు కాగితాన్ని మీద పరచాలి తప్ప రుద్దకూడదు. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. అంతలోగా ఆరబెట్టలేనంత పెద్ద కట్టయితే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో ఉంచి, కాగితాలు బాగుచేసే నిపుణులను పిలవండి. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను ముంచిన వరదలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం సేకరణలే దెబ్బతిన్నాయి. అంత పెద్ద సంస్థకు తప్పలేదు కాబట్టి, కింది అంతస్తులో ఉన్నవాళ్ళు పెట్టెలను పై అరలోకి మార్చుకోవాలి.

ఫోన్‌తో ఫోటో తీస్తే సరిపోదా?

ఏమీ లేనిదానికన్నా మేలు. వీలైతే బల్లస్కానరు మీద 600 డీపీఐలో, రంగుల్లో, టిఫ్ రూపంలో తీసి, పంచుకోవడానికి చిన్న కాపీ వేరే చేసుకోండి. రెండు పక్కలూ తీయాలి, ఖాళీ పక్క కూడా. కవరు తప్పనిసరి. ఫైలు పేరులో తేదీ, రాసినవారు, అందుకున్నవారు ఈ వరసలో పెడితే, రెండు ఇళ్ళలోని కట్టలను తరవాత కంప్యూటరులో కలిపినప్పుడు ప్రశ్న పక్కన జవాబు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. కాపీలు మూడు చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి.

## చట్టం, ప్రచురణ

ఉత్తరం నా దగ్గరుంది. నేను అచ్చు వేసుకోవచ్చు కదా?

కాగితం మీది, మాటలు మీవి కావు. ఉత్తరం అందుకున్నవారికి కాగితం మీద హక్కు ఉంటుంది. అందులోని రచన మీద కాపీరైటు రాసినవారిది, వారి తరవాత వారసులది. కాబట్టి చలం ఉత్తరం దీక్షితులుగారి బంధువుల దగ్గర కొన్నా, ప్రచురణకు అడగాల్సింది చలం వైపువాళ్ళను. వారసులు ఇద్దరు ముగ్గురు ఉంటే అందరి అనుమతీ రాతపూర్వకంగా తీసుకోండి.

ఎన్నేళ్ళు దాటితే అనుమతి అక్కర్లేదు?

రచయిత బతికుండగా అచ్చయినవాటికి, మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి విషయంలో ఆ గడువు 2021తో తీరింది. 1979లో పోయిన చలానికి 2039 చివరిదాకా, 1983లో పోయిన శ్రీశ్రీకి 2043 చివరిదాకా ఉంటుంది. కానీ ఉత్తరాలు చాలావరకు అచ్చుకానివి. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకు 60 ఏళ్ళు ఆ ప్రచురణ మరుసటి ఏడాది నుంచి లెక్కపెడతారు. అందుకని ‘ఆయన పోయి చాలాకాలమైంది’ అన్నది ఉత్తరాలకు చాలదు. ప్రజలు వెళ్ళగలిగే గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఉన్న అచ్చుకాని రచనకు, రచయిత పోయి 60 ఏళ్ళు దాటితే పరిశోధనకూ ప్రచురణకూ చట్టంలో ఒక సడలింపు ఉంది. పుస్తకం తెచ్చే ముందు కాపీరైటు తెలిసిన న్యాయవాదిని ఒకసారి అడగండి.

మేం అమెరికాలో ఉంటాం. తాతగారి ఉత్తరాలు తెచ్చేసుకోవచ్చా?

చూసుకోకుండా తేవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సాహిత్య, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్ళు దాటిన రాతప్రతులు పురావస్తువులే. వాటిని వ్యక్తులు దేశం దాటించకూడదు. అంతకన్నా కొత్తవైనా సందేహం ఉంటే పురావస్తు శాఖను అడిగి ధ్రువపత్రం తీసుకోండి. అసలు ప్రతిని ఇక్కడే మంచి గ్రంథాలయంలో ఉంచి స్కాన్లు పట్టుకెళ్ళడం అన్నివిధాలా మేలు. వ్యాపారంగా అమ్మేవారికి కూడా ఆ చట్టం కింద లైసెన్సు ఉండాలి.

మంచి ఉత్తరం దొరికింది. వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టవచ్చా?

అందులో బతికున్నవారి పేర్లు, జబ్బులు, అప్పులు, ఇంటి గొడవలు ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే వద్దు. ఒక రచయిత స్నేహితుడి దగ్గర చెప్పుకున్న కోపం, నలుగురి మధ్య పడేసరికి నిందగా మారుతుంది. అటువైపు జవాబు కూడా చూడకుండా ఒక్క ఉత్తరంతో ఎవరి మీదా తీర్పు చెప్పకండి.

అచ్చు వేసేటప్పుడు తప్పులు దిద్దవచ్చా?

దిద్దకండి. ‘వొచ్చేను’ అని ఉంటే అలాగే ఉండాలి. అది ఆయన ఊరి మాట, ఆయన నోటి మాట. కొట్టివేతలు చూపించండి, మీరు చేర్చిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి. తీసేసిన భాగం ఉంటే తీసేశామని చెప్పండి. ఇంగ్లీషులో రాసినదైతే అసలూ అనువాదమూ రెండూ ఇవ్వండి. రెండు వైపుల ఉత్తరాలు దొరికితే ఆయనవి ముందు, ఈయనవి వెనక అని విడదీయకుండా తేదీలవారీగా కలిపి అచ్చు వేయండి.

## అప్పగింత

నా తరవాత ఈ సేకరణ ఏమవుతుంది? ఎవరికివ్వాలి?

ఇంట్లో ఎవరికైనా నిజంగా ఆసక్తి ఉంటే తప్ప, మీరు ఓపికగా ఉన్నప్పుడే సంస్థకు ఇచ్చేయండి. ఇచ్చే ముందు మూడు సంగతులు కనుక్కోండి: కాగితాలకు విడి గది ఉందా, జాబితా వేసే మనిషి ఉన్నాడా, బయటివారికి చూపిస్తారా. కట్టను విడదీయబోమని, స్కాన్లు అందుబాటులో ఉంచుతామని ఒప్పందంలో రాయించండి. జాబితా మీరే వేసి ఇవ్వండి, పేర్ల వెనక మనుషులెవరో మీకు తెలిసినంతగా వాళ్ళకు తెలియదు. మీ కట్టకు అవతలి సగం ఇప్పటికే ఏదైనా గ్రంథాలయంలో ఉందని తెలిస్తే, దూరమైనా సరే, మీదీ అక్కడికే ఇవ్వండి.